మా తాతకు రెండు పెళ్ళిళ్ళు, రెండు చావులు

మా తాత నిస్తోర్‌కు మా బ్రాదెత్ ఊరు రెండుసార్లు అంత్యక్రియలు చేసింది. మొదటిసారి చేసినప్పుడు ఆయన అక్కడ లేడు. రెండోసారి ఉన్నాడు, కానీ పెట్టెలో ఉన్నది ఆయనేనా, మరొకటేదైనానా అని ఊరంతా మా పెరట్లో నిలబడి గొడవపడింది. నాకప్పుడు పదమూడేళ్ళు. బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత మేకలు నన్ను చదవనివ్వలేదు. అందుకని ఇందులో ఎక్కడైనా లెక్క తప్పితే ఆ తప్పు మేకలదే.

తాత తన జీవితంలో పట్టుబట్టి అడిగింది ఒక్కటే. "నేను పోయాక నా గుండెలో ఇనుము దింపనివ్వకండి. టర్కీవాళ్ళు దింపింది చాలు" అనేవాడు. తాగినప్పుడు నవ్వుతూ అనేవాడు, తాగనప్పుడు నవ్వకుండా అనేవాడు. మా ఊళ్ళో చచ్చి లేచినవాడని ఎవరిమీదైనా అనుమానం ఉంటే, పూడ్చేముందు పొలం దున్నే దంతెకుండే ఇనుప పన్ను ఒకటి కాల్చి గుండెలో దిగ్గొడతారు. తాత మీద ఆ అనుమానం ముప్ఫై నాలుగేళ్ళు ఉంది.

టర్కీవాళ్ళతో యుద్ధం వచ్చిన ఏడాది ఆయనకు ఇరవై రెండేళ్ళు. పెళ్ళి కాలేదు. టోపీలో టర్కీకోడి ఈక గుచ్చి, భుజాన తుపాకీ పెట్టి, డాన్యూబ్ దాటించి పంపారు. ఆ ఈక మూలంగా ఆ పటాలం వాళ్ళందరినీ టర్కీకోళ్ళు అనేవారు. మా ఊరినుంచి రెండు టర్కీకోళ్ళు వెళ్ళాయి. ఒకటి మా తాత, రెండోది పక్కింటి గ్లిగోర్. ఇద్దరికీ ఒకే రోజున బాప్తిస్మం. ఇద్దరూ ఒకే తోటలో ప్లమ్ పళ్ళు దొంగిలించి, ఒకే కర్రతో దెబ్బలు తిన్నవాళ్ళు.

ద్రాక్ష కోతలయ్యాక గ్లిగోర్ ఒక్కడే తిరిగొచ్చాడు, తలకు గుడ్డ చుట్టుకుని. చేతిలో మా తాత టోపీ ఉంది. ఈక సగం విరిగి ఉంది. "ప్లెవ్నా కందకంలో పడిపోయాడు. నా పక్కనే. వాన పడుతోంది" అన్నాడట. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. తాత వాళ్ళమ్మ ఆ టోపీని పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని గుమ్మంలో కూలబడింది.

శవం లేకపోయినా చావు చెయ్యాలి కదా. ఖాళీ పెట్టెలో తాత పండగ చొక్కా, కుట్టుపని చేసిన చేతుల్లేని కోటు, ఆ టోపీ పెట్టారు. పెళ్ళి కాకుండా పోయిన కుర్రాడికి దేవదారు చెట్టుతో పెళ్ళి చేసిగానీ మేము మట్టి చెయ్యం. కుర్రాళ్ళు కొండెక్కి చెట్టును గొడ్డలితో నరికి, నేలకు తాకకుండా భుజాల మీద మోసుకొస్తారు. ఆడవాళ్ళు ఊరి చివర ఎదురెళ్ళి, పెళ్ళికూతుర్ని పిలిచినట్టు పాడి, ఉన్నికుచ్చులూ రుమాళ్ళూ కడతారు. సమాధి తలవైపు పాతుతారు. అది ఎండిపోయి, ఆకులు రాలి, కొన్నేళ్ళకు తనంతట తానే పడిపోతే, లోపల ఉన్నవాడు హాయిగా పడుకున్నట్టు లెక్క. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ముఖ్యంగా, వేరుతో పెకలించిన చెట్టు పెట్టకూడదు. చెట్టు వేరు పట్టిందంటే చచ్చినవాడు కూడా లేస్తాడని మా వాళ్ళ భయం.

ఆ చెట్టు తెచ్చే పని గ్లిగోర్ తన మీద వేసుకున్నాడు. మిగతా ముగ్గురు కుర్రాళ్ళూ కొండెక్కేసరికే ఆయన చెట్టు సిద్ధం చేసి కూర్చున్నాడట. మొదలుకు గోనె చుట్టి తాడు బిగించి ఉంది. "జిగురు కారుతోంది, బట్టలకంటుతుందని చుట్టాను" అన్నాడట. పాతింది కూడా ఆయనే. ఎవరినీ దగ్గరకు రానివ్వలేదు. స్నేహితుడు కదా, బాధలో ఉన్నాడు అనుకున్నారు.

మరుసటేడు చెర్రీ పళ్ళ కాలంలో, ఆదివారం చర్చి అయ్యి జనం బయటికొస్తుంటే, దారిలో ఒకాయన కుంటుకుంటూ వచ్చాడు. గడ్డం, చిరిగిన రష్యన్ కోటు. సమాధుల దగ్గర ఆగి, ఒక శిలువ మీద పేరు కూడబలుక్కుని చదివాడు. తర్వాత జనం వైపు తిరిగాడు.

"ఏమర్రా, నేను లేకుండా నా చావు చేసేశారా?" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. దేవదారు పాటలు పాడే స్తాంక ఒక్కతే ముందుకొచ్చి శిలువ గుర్తు వేసుకుంది. "నువ్వెవరివి?" అంది.

"నిస్తోర్‌ని."

"ఏ నిస్తోర్‌వి? పోయినవాడివా, వచ్చినవాడివా?"

"ఆకలేస్తున్నవాణ్ణి. స్తాంకొదినా, నీ కొడుకు నామీద ఉచ్చపోసిన రోజు నువ్వు నాకు రెండు గారెలు పెట్టావు, గుర్తుందా? ఇప్పుడొకటి పెట్టినా చాలు."

గుర్తుంది. కానీ లేచినవాడికి కూడా పాతవన్నీ గుర్తుంటాయట. అందుకని స్తాంక గారె పెట్టలేదు, వెల్లుల్లి తెమ్మంది. లేచినవాడు వెల్లుల్లి ముట్టడు. మా తాత వెల్లుల్లిగడ్డ మొత్తం పొట్టు కూడా సరిగ్గా తియ్యకుండా కరకరా నమిలి మింగి, "ఇంకోటుందా?" అన్నాడు. జ్వరంతో రష్యన్ల ఆసుపత్రిలో ఎనిమిది నెలలు పడున్నవాడు ఏం పెట్టినా తింటాడు.

అక్కడితో అయిపోవాలి. కానీ మా ఊళ్ళో ఏదీ అంత తొందరగా అవదు.

"అయితే లేచినవాడు కాదు" అన్నారు కొందరు.

"అయితే నిస్తోరూ కాదు" అంది స్తాంక. "మన నిస్తోర్ పుట్టి బుద్ధెరిగి వెల్లుల్లి ముట్టలేదు. వాసనకే వాంతి చేసుకునేవాడు. ఇలా గడ్డలకు గడ్డలు మింగుతున్న వీడెవడు?"

తినకపోతే దయ్యం, తింటే దొంగ. తాతకు ఆ రోజే అర్థమైందట, ఈ ఊళ్ళో తను గెలవడం కుదరదని. వాళ్ళమ్మ మాత్రం ఆయన్ను ఇంట్లోకి లాక్కెళ్ళి, బూటు విప్పించి, కుడికాలి వేళ్ళు చూసింది. రెండో వేలూ మూడో వేలూ పుట్టుకతోనే కలిసి ఉంటాయి. చూసి, ఆ కాలు పట్టుకుని ఏడ్చింది. ఆ సంగతి తెలిసి ఊళ్ళోవాళ్ళు, "లేచినవాడికి మాత్రం వేళ్ళు మారతాయా ఏంటి" అన్నారు.

గ్లిగోర్ ఆ ఆదివారం జనంలోనే ఉన్నాడు. తాతను చూసి, రంగు పోయి, వెనక్కి వెనక్కి నడిచి, వాళ్ళింట్లోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఆ తర్వాత ముప్ఫై నాలుగేళ్ళు మా గుమ్మం తొక్కలేదు. పక్కిల్లే. మధ్యలో నడుమెత్తు కంచె. ప్రతి ఏడూ సెప్టెంబరులో మొదటి విడత కాచిన ప్లమ్ సారా ఒక కూజాలో తెచ్చి, కంచె మీద పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయేవాడు. తాత ఆ కూజా ఖాళీ చేసి, కడిగి, అక్కడే పెట్టేవాడు. ఇద్దరి స్నేహం అంతే.

ఆ ఏడు వసంతంలోనే దేవదారు కొత్త చిగుళ్ళు వేసింది. ఎండిపోవాల్సిన చెట్టు పచ్చగా నిలబడింది. స్తాంక పెరట్లో ఆడవాళ్ళు గుసగుసలాడుకున్నారు. ఏడాదికేడాది అది జానెడు జానెడు ఎదిగి, చివరికి చర్చి కప్పును దాటింది. అది పచ్చగా ఉన్నంతకాలం నిస్తోర్ పూర్తిగా చావలేదని, పూర్తిగా చావనివాడు పూర్తిగా బతికీ ఉండడని తేల్చేశారు.

మా అమ్మమ్మ సఫ్త కథ ఇక్కడ మొదలవుతుంది. ఆ చెట్టుకు ఎర్ర ఉన్నికుచ్చులు కట్టింది ఆమే. తోడిపెళ్ళికూతురిలా ఆడవాళ్ళతో కలిసి పాడి, చెట్టును మా తాతకిచ్చి పెళ్ళి చేసింది. ఏడాదిన్నర తిరక్కుండా అదే పెళ్ళికొడుకును తను చేసుకుంది. ఆమె నాన్న గుమ్మంలో అడ్డం పడుకుంటే ఆయన మీంచి దాటి వెళ్ళిందట. నేను అడిగేదాన్ని.

"అమ్మమ్మా, నీకు భయం వెయ్యలేదా?"

"వేసింది."

"మరి?"

"అందరూ ఆయన్ను చూసి పక్కకు తప్పుకుంటున్నారు. పొలంలో, బావి దగ్గర, డాన్సులో. నేనూ తప్పుకుందామనుకున్నా. ఈలోపల ఆయన కుంటుకుంటూ వచ్చి, 'ఆ కుచ్చులు ఎవరు కట్టారు, బాగున్నాయి' అన్నాడు. దయ్యం అయితే కుచ్చులు చూస్తుందా?"

వాళ్ళిద్దరి పోట్లాటలు వినడానికి నేను మేకలను కూడా తొందరగా తోలుకొచ్చేదాన్ని.

"ఏమయ్యా, సంకటి చల్లారిపోతోంది, ఎక్కడికా పోవడం?"

"మొదటిదాన్ని చూసొస్తా. అదైతే మాట్లాడదు."

"వెళ్ళు వెళ్ళు! దాని దగ్గరే తిను. కుచ్చులు కట్టిన నా చేతులకు బుద్ధి లేదు."

"దానికి నా పండగ చొక్కా, కోటు కట్నంగా ఇచ్చారు. నీకు నేనొక్కణ్ణే వచ్చాను. ఏడుపెందుకుండదూ!"

ఆ చొక్కా గురించి ఆయనకు నిజంగానే దిగులుండేది. తవ్వి తెచ్చుకుంటానని పాద్రిగారిని మూడుసార్లు అడిగాడు. సొంత సమాధి తవ్వుకోవడం ఏ పుస్తకంలోనూ లేదని ఆయన ఒప్పుకోలేదు. తాలూకా కచేరీలో తాత పేరు చనిపోయినవాళ్ళ జాబితాలో ఉంటే, అక్కడి గుమాస్తా, "దీన్ని కొట్టెయ్యడం కష్టం. నువ్వు నిజంగా పోతే అదే సరిపోతుంది, కాస్త ఓపిక పట్టు" అన్నాడట. తాత ఓపిక పట్టాడు.

ఊళ్ళో ఎవరి ఆవు పాలు ఎగ్గొట్టినా మా పొగగొట్టం వైపు చూసేవారు. ఎవరి పిల్లకు జ్వరమొచ్చినా నిన్న నిస్తోర్ ఎటు వెళ్ళాడని ఆరా తీసేవారు. అనుమానం మా ఇంట్లో కూడా ఉండేది, అబద్ధమెందుకు. మా అమ్మ ఆయన కన్న కూతురు. అయినా నా చొక్కా గుండీ కింద ఒక వెల్లుల్లి రెబ్బ కుట్టింది. నేను దాన్ని తాతకు చూపించాను. ఆయన కొరికి తినేసి, మా అమ్మకు చెప్పొద్దన్నాడు. నా పేరు పౌన, అంటే ఆడ నెమలి. "టర్కీకోడికి నెమలి పుట్టింది, ఊరికి ఇంకా అనుమానం పెరుగుతుంది" అని ఏడిపించేవాడు. పిల్లలు ఆయన్ను చూసి పారిపోతుంటే, కావాలనే చెయ్యి గాల్లోకి చాపి పళ్ళు బయటపెట్టేవాడు. ఉన్నవే నాలుగు పళ్ళు.

నాకూ అనుమానం వచ్చింది. కానీ తాత మీద కాదు.

నాలుగో తరగతిలో మా మేష్టారు కొమ్మలు నాటడం గురించి చెబుతున్నారు. విల్లో కొమ్మ నరికి పాతితే బతుకుతుందన్నారు. "మేష్టారూ, దేవదారు?" అన్నాను. "మొదలు నరికిన దేవదారు వేరు పట్టడం నేను చూడలేదు, వినలేదు" అన్నారు. క్లాసంతా నావైపు తిరిగింది. మేష్టారు పైఊరి మనిషి, ఆయనకు మా చెట్టు సంగతి తెలియదు. నేను ఇంటికొచ్చి అమ్మమ్మను అడిగాను, ఆ చెట్టు మొదలు తను చూసిందా అని. "గోనె చుట్టుంది కదే" అంది.

ఆ సాయంత్రమంతా నేను గ్లిగోర్ తాతను కంచె సందులోంచి చూస్తూనే ఉన్నాను. ఆయన మా ఇంటివైపు చూస్తున్నాడు. ఎప్పుడూ చూస్తూనే ఉంటాడని అప్పుడు గమనించాను.

నాకు పదమూడేళ్ళు వచ్చిన ఏడాది ఆగస్టులో తాత మంచాన పడ్డాడు. తుంటిలో గుండు ఉందని, వాన వస్తే లాగుతుందని ఎప్పుడూ అనేవాడు. అది నిజమో, పని తప్పించుకోవడానికి అంటాడో మాకు తెలియదు. ఈసారి వాన లేకపోయినా లాగింది. ఒక మధ్యాహ్నం ఆయన కాళ్ళకు సారా రుద్దుతూ కందకం కథ అడిగాను. వందసార్లు విన్నాను. ఎప్పుడూ ఒకేచోట ఆపేసేవాడు.

"పడిపోయాను. వాన. నోట్లో బురద. లేద్దామంటే తుంటి రాలేదు. ఇంతలో ఎవరో వచ్చి నా టోపీ తీశారు."

"ఎవరు?"

"ఎవరో. చెయ్యి చల్లగా ఉంది."

వందసార్లు ఇక్కడే ఆగిన కథను ఆ రోజు నేను ఆగనివ్వలేదు. "తాతా, టోపీ ఊరికి తెచ్చింది గ్లిగోర్ తాత కదా. మరి తీసింది కూడా ఆయనే కదా. తీసినప్పుడు నీకు తెలిసిందంటే నువ్వు బతికే ఉన్నావు కదా."

తాత నా చేతిలోంచి సారా గిన్నె తీసి పక్కన పెట్టాడు. తర్వాత, "నాలుగు తరగతులకే ఇంత వచ్చింది. మేకలు నీకు అడ్డం పడడం మంచిదే అయింది" అన్నాడు.

"ఆయనకు తెలుసా నువ్వు బతికున్నావని?"

"పేరు పెట్టి పిలిచాను. టర్కీవాళ్ళు వచ్చేస్తున్నారు. వాడు పరుగెత్తాడు. నేనైనా పరుగెత్తేవాణ్ణేమో, తుంటి ఉంటే."

"మరి ఊళ్ళో ఎందుకు చెప్పలేదు? ఇన్నేళ్ళూ నిన్ను దయ్యం అంటుంటే?"

"నన్ను దయ్యం అంటారు. నేను నవ్వుకుంటాను, బతికేస్తాను. వాణ్ణి పిరికివాడంటే వాడు బతకలేడు. వాడి సంగతి నాకు తెలుసు." ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. "నువ్వు కూడా చెప్పకు. మాటివ్వు. ఆ ఇనుము సంగతి మీ అమ్మమ్మ చూసుకుంటుంది."

మాటిచ్చాను. చెప్పనని మాత్రమే ఇచ్చాను. అది గుర్తుపెట్టుకోండి.

సెప్టెంబరులో, పెరట్లో మా సారా కాగుతుండగా, మధ్యాహ్నం తాత పోయాడు. చివరి మాట, "కుండకు మంట ఎక్కువైంది చూడండి." నిజంగానే ఎక్కువైంది. మేమందరం కుండ దగ్గరకు పరుగెత్తాం. తిరిగొచ్చేసరికి ఆయన వెళ్ళిపోయాడు. ఆ పని కావాలనే చేశాడని అమ్మమ్మ ఇప్పటికీ అంటుంది.

మూడో రోజు పెరట్లో రెండు బల్లల మీద పెట్టె పెట్టాం. ఊరంతా వచ్చింది. ఏడవడానికి వచ్చినవాళ్ళు తక్కువ, చూడటానికి వచ్చినవాళ్ళు ఎక్కువ. స్తాంకవ్వకు అప్పటికి డెబ్భై దాటాయి. పెట్టెలోకి వంగి చూసి, "బుగ్గలు ఎర్రగా ఉన్నాయి" అంది.

"సారా కుండ పక్కనే పోయాడు, ఎర్రగా ఉండవా?" అంది అమ్మమ్మ.

"సఫ్తా, నీ మంచికే. నువ్వూ, నీ పిల్లలూ, మా పిల్లలూ. ఒక్క పోటు. చెట్టు చూడు ఎంతుందో! ఆయన అందులోంచి తాగుతున్నాడే, అది ఆయనలోంచి తాగుతోంది. ఒకరినొకరు వదలరు."

జనం తలలూపారు. పాద్రిగారు గొంతు సవరించుకుని, ఇలాంటివి చర్చి ఒప్పుకోదన్నారు. తర్వాత గేటు దాకా వెళ్ళి ఎవరి గాడిదనో శ్రద్ధగా చూడసాగారు. తను చూడనప్పుడు కానిచ్చుకోమంటున్నారని అర్థమైంది.

అప్పుడు కంచె దగ్గర అలికిడయింది. ముప్ఫై నాలుగేళ్ళలో మొదటిసారి గ్లిగోర్ తాత మా పెరట్లోకి వచ్చాడు. చేతిలో గుడ్డ చుట్టిన దంతె పన్ను. సారా కుండ కింద మంట ఇంకా ఉంది. ఆయన దాని దగ్గర వంగి, పన్నును నిప్పుల్లో పెట్టాడు.

అమ్మమ్మ పెట్టెకు అడ్డంగా నిలబడింది, చేతిలో సంకటి కలిపే కర్రతో. "ముందు నా మీద పడు. తర్వాత ఆయన దగ్గరకు వెళ్దువు గాని."

"పక్కకు జరుగు వదినా." ఆయన పన్నును నిప్పుల్లో అటూఇటూ తిప్పాడు. "ఇది నేను చేసింది. నేనే సరిచెయ్యాలి. నేను పోయేలోపల."

ఎవరికీ ఆ మాట పట్టలేదు. నాకు పట్టింది. నేను వెళ్ళి ఆయన చొక్కా అంచు పట్టుకున్నాను.

"గ్లిగోర్ తాతా, ఒక సంగతి అడగనా?"

"పిల్లదాన్ని ఎవరైనా లోపలికి తీసుకెళ్ళండి" అంది స్తాంకవ్వ.

"నరికిన దేవదారు వేరు పడుతుందా?"

ఆయన నావైపు చూడలేదు, నిప్పుల వైపే చూశాడు. "పడదు."

"మరిదెలా పడింది?"

సారా బొట్టుబొట్టుగా కారే చప్పుడు వినబడింది.

"వేరుతో తీశాను" అన్నాడు. "పలుగుతో. తెల్లారకముందే వెళ్ళి. గోనె అందుకే చుట్టాను."

స్తాంకవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎవరో "ఓరి దేవుడో" అన్నారు.

"ఎందుకు తాతా?"

"లేవాలని. వేరుతో పెడితే లేస్తారంటారు కదా. వాడు లేవాలని పెట్టాను. లేచాడు!" ఆయన ఇప్పుడు నావైపు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నేనే లేపాను. ఇన్నేళ్ళూ కంచె పక్కన కాపలా కూర్చున్నాను, ఎవరి రక్తం తాగుతాడోనని. నాదే బాధ్యత కదా."

"తాగాడా?"

"నా సారా తప్ప ఏమీ తాగలేదు."

ఎవరో నవ్వు ఆపుకున్నారు. నేను అడగడం ఆపలేదు.

"ఇంకొక్కటి, తాతా. కందకంలో టోపీ తీసినప్పుడు మా తాత తల ఎలా ఉంది? చల్లగానా, వెచ్చగానా?"

ఆయన మొహం చూసి నాకు మొదటిసారి భయమేసింది. మా తాత ఎందుకు చెప్పొద్దన్నాడో అర్థమైంది. కానీ వెనక్కి తగ్గుదామంటే ఆ ఇనుము ఎర్రగా కాలుతోంది.

"వాన పడుతోంది" అన్నాడు.

"చల్లగానా, వెచ్చగానా?"

"వెచ్చగా ఉంది." ఆయన కిందికి చూశాడు. "ఊపిరుంది. నన్ను పేరు పెట్టి పిలిచాడు. నేను పరుగెత్తాను. మీ అందరికీ పోయాడని చెప్పాను. చెప్పి చెప్పి, నేనే నమ్మాను. ఇంక బతికుండడు అనుకున్నాను. అలా అనుకోకపోతే నిద్ర పట్టేది కాదు."

అందరికంటే ముందు తేరుకున్నది అమ్మమ్మ.

"ఓరి పిచ్చివాడా" అంది మెల్లగా. "పోనివాడు లేవడమేంట్రా? ఆయన పోనే లేదు కదా."

ముప్ఫై నాలుగేళ్ళు గ్లిగోర్ తాతకు ఆ సంగతి తట్టనే లేదు. తను లేపాడనుకున్నాడు. వదిలేశాడన్నది మరచిపోవడానికి అంతకంటే మంచి దారి దొరకలేదు కాబోలు. చేతిలోని గుడ్డతో పన్నును నిప్పుల్లోంచి లాగి, నీళ్ళ తొట్టిలో పడేశాడు. బుస్సుమంది. ఆ తర్వాత ఎటు వెళ్ళాలో తెలియనట్టు పెరటి మధ్యలో నిలబడ్డాడు. జనం ఆయనకు కాస్త దూరం జరిగారు, సరిగ్గా మా తాతకు జరిగినంత దూరం.

అమ్మమ్మ సంకటి కర్ర గోడకు ఆనించింది.

"తలవైపు పట్టుకో" అంది. "ఈసారి మధ్యలో వదిలేసి పరుగెత్తకు."

పట్టుకున్నాడు. దారంతా చెయ్యి మార్చుకోకుండా మోశాడు.

దేవదారు కింద పాత గోతిలోనే తవ్వారు. పాత పెట్టె చెక్కలు పుచ్చి ముక్కలయ్యాయి. తాత పండగ చొక్కా వేళ్ళ మధ్య ఇరుక్కుని ఉంది, సగం మట్టి, సగం కుట్టుపని. టోపీ లేదు. ఈక మటుకు ఉంది, లేదా అది ఒక ఎండుపుల్ల, నేను ఈకే అన్నాను. అమ్మమ్మ పైనుంచి చూసి చెట్టుతో మాట్లాడింది. "నీ చొక్కా నువ్వే ఉంచుకో. మనిషిని మాత్రం నలిపెయ్యకు. తుంటి నొప్పి ఉంది ఆయనకు." పాద్రిగారు ప్రార్థన మధ్యలో ఆగి, మళ్ళీ మొదలుపెట్టారు.

మాట తప్పానా అని నేను చాలాకాలం ఆలోచించాను. చెప్పలేదు, అడిగానంతే. తాత బతికుంటే ఈ తేడాకు నవ్వేవాడు, తర్వాత చెవి మెలేసేవాడు.

ఎందుకంటే ఆయన భయపడిందే జరిగింది. ఊరికి ఎవరో ఒకరి మీద కన్నుండాలి. తాత ఖాళీ చేసిన చోటు గ్లిగోర్ తాతకు ఇచ్చారు. సారా దుకాణంలో ఆయన కూర్చుంటే బల్ల ఖాళీ అయ్యేది. నలభై రోజుల దినానికి అమ్మమ్మ గోధుమలు ఉడికించి తేనె, అక్రోట్లు కలిపి, మొదటి గిన్నె నా చేతికిచ్చింది. "కంచె మీంచి ఇవ్వకు. గేటు తీసుకుని వెళ్ళు" అంది. వెళ్ళాను. ఆయన గిన్నె తీసుకుని గుమ్మంలోనే కూర్చున్నాడు.

"మీ తాత చెప్పాడా నీకు?" అన్నాడు.

"లేదు. నేనే అనుమానపడ్డాను."

అబద్ధమే. కానీ ఆ అబద్ధం తాతది, నేను మోసుకొచ్చానంతే. ఆయన తలూపి తిన్నాడు. ఆ ఏడాది నుంచి మా సారాకు మంట చూసే పని ఆయనదే అయింది. అంటే రోజూ మా పెరట్లోనే ఉండేవాడు. అమ్మమ్మ ఆయన్ను మా తాతను తిట్టినట్టే తిట్టేది. ఆ తిట్లు విన్నరోజు ఆయన నిటారుగా నడిచేవాడు.

ఏడేళ్ళకు, మా పద్ధతి ప్రకారం, ఎముకలు పైకి తీసి ద్రాక్షసారాతో కడగాలి. లేచినవాడైతే ఒళ్ళు చెడకుండా ఉంటుంది. అందుకని మళ్ళీ ఊరంతా వచ్చింది. స్తాంకవ్వను ఇద్దరు మనవలు కుర్చీలో మోసుకొచ్చారు. గ్లిగోర్ తాత తవ్వాడు, నేను కడిగాను. ఎముకలు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. పక్కటెముకల మధ్య ఎక్కడా ఇనుము లేదు. కుడికాలి రెండు వేళ్ళ ఎముకలు అతుక్కుని ఉన్నాయి. తుంటి ఎముకలో, వేలు పెడితే తగిలేంత లోతులో, నల్లటి సీసపు ముద్ద ఒకటి ఉంది. పని తప్పించుకోవడానికి కాదన్నమాట. దాన్ని కడిగి, అందరికీ కనబడేలా అరచేతిలో పెట్టాను.

గ్లిగోర్ తాత టోపీ తీశాడు. అమ్మమ్మ తలగుడ్డ అంచుతో కళ్ళు తుడుచుకుంది.

స్తాంకవ్వ కుర్చీలోంచి ముందుకు వంగి, ఆ సీసాన్ని, నన్ను, చెట్టును మార్చి మార్చి చూసింది.

"గుండు ఉంటే ఉంది" అంది. "వెల్లుల్లి సంగతి మాత్రం ఇంకా తేలలేదు."